కాలమెరిగిన ఔషధము
(జగిత్యాల జిల్లా మల్యాలలో చేసిన స్మారకోపన్యాసము: ముద్రిత పాఠము)



ఎవరి స్మృతికై నేడు మనమిట సమావేశమైతిమో ఆ ఉపాధ్యాయులు ఈ మల్యాలలో చిరకాలము భౌతిక రసాయన శాస్త్రములను బోధించిరి. పరమాణువును గూర్చిన పాఠము హిరోషిమా కథతోనే ముగిసిపోవుట వారికి సమ్మతము కాదనియు, ఆ పరమాణువే ఆసుపత్రులలో చేయుచున్న పనిని గూడ చెప్పిన పిమ్మటనే పుస్తకము మూసెడివారనియు వారి శిష్యులు నాతో చెప్పిరి. అందుచేతనే అణువైద్యమును ఈ ఉపన్యాసమునకు విషయముగా గ్రహించితిని.

నేను చెప్పదలచినది ప్రధానముగా ఒక్కటే. తక్కిన మందులు మూత బిగించి యుంచిన యెడల నెలలు, ఏండ్లు నిలుచును. అణువైద్యపు మందైన రేడియోధార్మిక పదార్థము పుట్టిన క్షణమునుండియే తరుగుచుండును. ఏ పదార్థము ఎంత వేగముగా తరుగవలెనో ప్రకృతి నిర్ణయించినది. కాచినను, చల్లార్చినను, కరగించినను ఆ వేగము మారదు. ఉన్నదానిలో సగము తరుగుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. టెక్నీషియమునకు 6 గంటలు, అయోడిన్ 131 నకు 8 దినములు, ఫ్లోరిన్ 18 నకు 110 నిమిషములు. ఈ అర్ధాయువును ఎరిగినవానికి ఈ వైద్యమున భయమునకు చోటెచ్చటనో, నిర్భయమునకు చోటెచ్చటనో తెలియును. హైదరాబాదునుండి జగిత్యాలకు ఏది రాగలదో, ఏది రాజాలదో కూడ తెలియును.

మన యూళ్లలో ఆసుపత్రి కిరణముల ప్రస్తావన ఏది వచ్చినను, "కరెంటు వెట్టిండ్రు" అను ఒక్క మాటతో తీరిపోవును. ఆ మాటలో మూడు వేర్వేరు విషయములు కలగలిసి పోయినవి. ఎక్స్‌రే పరీక్షలో కిరణములు వెలుపలినుండి దేహమును దాటి పోవును. మనకు దొరకునది ఎముకల నీడ. పుట్టకురుపునకు (క్యాన్సరుకు) యంత్రముతో ఇచ్చు కిరణచికిత్స రెండవది, అదియు వెలుపలినుండియే. 1955లో మెహదీ నవాజ్ జంగ్ గారి పూనికతో హైదరాబాదున వెలసి, నేడు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిగా మనవారందరెరిగిన సంస్థ తొలిపేరులోనే రేడియము కలదు. ఆ కాలమున రేడియమును లోహనాళికలలో బంధించి, గడ్డ సమీపమున కొంతసేపుంచి, తిరిగి తీసివేసెడివారు. అణువైద్యము ఈ రెండింటికిని భిన్నము. ఇందు రేడియోధార్మిక పదార్థమును ఏ నాళికలోను బంధింపరు. రోగి దానిని త్రాగును, లేక సూదిద్వారా నరములోనికి ఎక్కించుకొనును. అది రక్తములో కలిసి, దేహము తన సహజ రసాయనధర్మము చేత ఎచ్చటికి కొనిపోవునో అచ్చటికే పోయి నిలిచి, అచ్చటినుండి కిరణములను వెలికి పంపును. గామా కెమెరా ఆ కిరణములను పట్టి చిత్రముగా కూర్చును. కావున ఎక్స్‌రే అవయవము యొక్క ఆకారమును చూపగా, అణువైద్యము దాని పనిని చూపును. అల్ట్రాసౌండ్ చిత్రమున మూత్రపిండములు రెండును సమానముగా కనబడవచ్చును; వానిలో ఒకటి నూటికి ఎనుబది పాళ్లు భారము మోయుచున్నదనియు, రెండవది పేరునకు మాత్రమే ఉన్నదనియు గామా కెమెరా చెప్పగలదు. కోతకు ముందు వైద్యునికి కావలసినది ఆ సమాచారమే.

ఈ విధానమునకు మూలపురుషుడు హంగరీ దేశస్థుడగు జార్జ్ హెవెసీ. మాంచెస్టరులో యువ పరిశోధకుడుగా నున్న దినములలో, తాను బసచేసిన యింటి యజమానురాలు మిగిలిన మాంసమునే మరునాడు మరల వడ్డించుచున్నదను అనుమానము కలిగి, ఆయన తన పళ్లెములో మిగిలినదానియందు రేడియోధార్మిక పదార్థమును లవలేశము చల్లి, తరువాతి భోజనమున దానిని పరికరముతో పట్టుకొనెనని చెప్పుదురు. కథ చిన్నదే కాని సూత్రమంతయు అందులోనే యున్నది: ఆనవాలు పెట్టిన పరమాణువు తన తోటి పరమాణువులతో కలిసి ఎచ్చటికి పోయినను, తన జాడ తానే తెలుపుచుండును. 1923లో ఆయన రేడియోధార్మిక సీసము చిక్కుడు మొక్కలో ఎట్లు ప్రయాణించునో కనుగొనెను. 1935లో ఫాస్ఫరసు ఎలుకల దేహములో ఎట్లు సంచరించునో చూచి, ఎముక జడపదార్థము కాదనియు, అది నిరంతరము పాత పరమాణువులను విడిచి క్రొత్తవానిని గ్రహించుచుండుననియు చాటెను. 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము ఆయనకు లభించినది. ఈనాడు ఎముకల స్కాను తీయించుకొను ప్రతి రోగియు ఆ చిక్కుడు మొక్కకు ఋణపడినవాడే.

చికిత్స ఆరంభమైన తీరు మరింత ముచ్చటైనది. 1936 నవంబరు 12వ తేదీన బోస్టను నగరమందలి హార్వర్డ్ వైద్యకళాశాలలో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ అధ్యక్షుడగు కార్ల్ కాంప్టన్, జీవశాస్త్రమునకును వైద్యమునకును భౌతికశాస్త్రము ఏమి చేయగలదను విషయమును గూర్చి ఉపన్యసించెను. శ్రోతలలో సాల్ హెర్ట్జ్ అను యువవైద్యుడు కలడు. అవటు గ్రంథి, అనగా మనవారు థైరాయిడ్ అని పిలుచుచున్న కంఠగ్రంథి, ఆతని అధ్యయన విషయము. దేహమందు ప్రవేశించిన అయోడినును ఈ గ్రంథి తప్ప మరియే అవయవమును అంత ఆత్రముగా గ్రహింపదని ఆతడెరుగును. అయోడినును కృత్రిమముగా రేడియోధార్మికము చేయవచ్చునా అని ఆతడు కాంప్టనును ప్రశ్నించెను. చేయవచ్చుననియు, దాని అర్ధాయువు 25 నిమిషములనియు ఆ డిసెంబరులో సమాధానము వచ్చినది. మరుసటి సంవత్సరము ఆర్థర్ రాబర్ట్స్ అను భౌతికశాస్త్రజ్ఞునితో కలిసి హెర్ట్జ్ కుందేళ్లపై పరీక్షలు జరిపెను. 1941లో మానవరోగికి తొలి మోతాదు ఇచ్చెను. ఉపన్యాసమునకన్న ఆ ప్రశ్నయే గొప్పది. ఈ సభలోని విద్యార్థులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాను.

ఇరువదియైదు నిమిషముల అయోడిను చికిత్సకు చాలదు. 1938లో బర్కిలీలో జాన్ లివింగుడ్, గ్లెన్ సీబోర్గ్ అనువారు 8 దినముల అర్ధాయువుగల అయోడిన్ 131ను కనుగొనిరి. అదియే ఇప్పటికిని ఈ చికిత్సకు ప్రధానాధారము. సీబోర్గ్ తల్లికే థైరాయిడ్ వ్యాధి సోకగా, తన కుమారుడు కనుగొన్న పదార్థముతోనే ఆమెకు స్వస్థత చేకూరినది. శాస్త్రజ్ఞునకు అంతకన్న ఏ బిరుదు కావలెను?

అయోడినును గూర్చి మాట్లాడునపుడు మన తెలుగువాడొకనిని స్మరింపకుండుట న్యాయము కాదు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు సంచాలకుడైన వులిమిరి రామలింగస్వామి, హిమాలయ పాదమందలి కాంగ్రా లోయలో గలగండముతో వ్రేలాడు కంఠములను చూచి, ఆ ప్రాంతమును మూడు మండలములుగా విభజించి, రెండింటిలో అయోడిను కలిపిన ఉప్పును, ఒకదానిలో మామూలు ఉప్పును పంచి, 1956 మొదలుకొని సంవత్సరముల పర్యంతము ఫలితములను పరిశీలించెను. అయోడిను ఉప్పు తిన్న గ్రామములలో గలగండము తగ్గుముఖము పట్టినది. తక్కినచోట్ల అట్లు తగ్గలేదు. ఆ లోయ ఇచ్చిన సాక్ష్యమును ఆధారముగా గొని 1962లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. ఈనాడు మల్యాల అంగడిలో దొరకు ఉప్పు పొట్లముపై అయోడిను పేరుండుట ఆ కృషి ఫలమే. అయోడిను కొరవడిన గ్రంథి ఎంత ఆకలిగొని యున్నదో కొలుచుటకు ఆ కాలపు పరిశోధకులకు సాధనమైనది రేడియోధార్మిక అయోడినే. కొలుచుటకును అదియే, చికిత్సకును అదియే. గ్రంథి మితిమీరి పనిచేయుచు, గుండె దడదడలాడి, చేతులు వణకి, తిన్నది ఒంటబట్టక మనిషి కృశించుచున్నప్పుడు, ఒక్క గుక్కలో త్రాగించిన అయోడిన్ 131 ఆ గ్రంథిలోనే చేరి, రెండు మిల్లీమీటర్లకు మించి పోజాలని బీటా కణములతో అదుపు తప్పిన కణజాలమును అణచివేయును. కత్తి లేదు, కుట్టు లేదు, మెడపై మచ్చ లేదు.

ఇట్టి ఆత్రము అయోడినుకు మాత్రమే చెందినది కాదు. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు తరతరముల మనుష్యుల ఎముకలను ఎట్లు వంచినదో తెలంగాణమున తెలియనివారు లేరు. ఫ్లోరిను ఎముకను వెదకుకొని పోయి అందులో కుదురుకొనుటయే ఆ ఘోరమునకు మూలము. ఆ ధర్మమునే వైద్యులు మరియొక విధముగా వాడుకొనిరి: ఫ్లోరిన్ 18ను అత్యల్పముగా నరములోనికి పంపినచో, అదియు ఎముకనే వెదకుకొనును, క్యాన్సరు వ్యాపించినచోట, విరిగి అతుకుచున్నచోట మరింత గుమిగూడును. నల్లగొండ బిడ్డల నడుములు వంచిన మూలకమే, సరియైన మోతాదులో, సరియైన అర్ధాయువుతో, ఎముకలోని వ్యాధికి సాక్షియగుచున్నదని తలచినప్పుడు నాకు ప్రతిసారియు మనస్సు కలగును.

అయితే అణువైద్యశాలలలో దినదినము నడచు పరీక్షలలో సింహభాగము టెక్నీషియముది. ఇది మానవుడు కృత్రిమముగా సృజించిన మొదటి మూలకము. బర్కిలీలో పరమాణుకణములను వేగముగా త్రిప్పి విసరు సైక్లోట్రాన్‌లో దెబ్బలు తిన్న మాలిబ్డినము రేకును ఆ యంత్రమును నిర్మించిన శాస్త్రజ్ఞుడు లారెన్సు టపాలో పంపగా, 1937లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెరియే అను శాస్త్రజ్ఞులు దానియందు దీనిని కనుగొనిరి. వైద్యమునకు పనికివచ్చునది దాని ఒక ప్రత్యేక రూపము. అర్ధాయువు 6 గంటలే గనుక పరీక్షకు సరిపడునంత సేపుండి, మరునాటికి పదునారింట ఒక వంతునకు తరిగిపోవును. ఆరు గంటల పదార్థమును దూరప్రాంతములకు పంపుట యెట్లు? ఈ చిక్కును 1950ల చివర అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాలవారు విడదీసిరి. 66 గంటల అర్ధాయువుగల మాలిబ్డినమును సీసపు కవచములోని గాజు గొట్టమున నిలిపి, దానినే ఊరూరికి పంపుదురు. అది లోపల టెక్నీషియముగా మారుచుండును; ప్రతి ఉదయము దానిగుండా ఉప్పునీటిని పోనిచ్చినచో, పుట్టిన టెక్నీషియము మాత్రము నీటితో దిగివచ్చును, మాలిబ్డినము కదలదు. ఈ వృత్తిలోనివారు ఆ పరికరమును ఆవు అనియు, ఆ పనిని పితుకుట అనియు చెప్పుకొందురు. పాడి యెరిగిన మల్యాలవారికి ఇంతకన్న వివరణ అక్కరలేదు: ఈ ఆవు ఒక వారము పాలిచ్చును, పిమ్మట క్రొత్త ఆవు రావలెను. ఆ రాక తప్పినచో ఏమగునో లోకము 2009లో చూచినది. ఈ మాలిబ్డినమును తయారుచేయు కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు మరమ్మతుకై నిలిచిపోగా, దేశదేశములందు గుండె, ఎముకల పరీక్షలు వాయిదాపడినవి. ఒక వృద్ధ రియాక్టరుపై ఇన్ని దేశముల రోగులు ఆధారపడియుండుట ఎంత ప్రమాదమో అప్పుడే ప్రభుత్వములకు తెలిసివచ్చినది.

మన దేశమున ఈ శాస్త్రము బొంబాయిలో మొలకెత్తినది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు జ్వలించినది. దానితో రేడియో ఐసోటోపులు, అనగా ఈ వైద్యమునకు కావలసిన రేడియోధార్మిక పదార్థములు, స్వదేశమున తయారగుటకు దారి ఏర్పడినది. 1963లో పరేలున రేడియేషన్ మెడిసిన్ సెంటరు వెలసినది. పరేలు అన్న పేరు ఈ సభకు క్రొత్తది కాదు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములనుండి బతుకుతెరువునకై బొంబాయి పోయిన మన నేత కార్మికులు ఆ పరిసరములందలి మిల్లులలోనే మగ్గముల ముందు జీవితములు వెళ్లబుచ్చిరి. మిల్లుల గొట్టముల నీడలోనే దేశపు తొలి అణువైద్య కేంద్రములలో ఒకటి పనిచేయుచుండెను. హైదరాబాదున అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వమున 1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వికిరణమును కొలుచు పరికరములను స్వదేశముననే తయారు చేయుటకు పూనుకొన్నది; పంజాగుట్టలోని ఆసుపత్రి నిమ్స్‌లో అణువైద్య విభాగము నడచుచున్నది.

ఇక పెట్ స్కాను సంగతి. క్యాన్సరు కణములు చక్కెరను అమితముగా తినునని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓటో వార్‌బుర్గ్ 1920లలోనే గమనించెను. ఆ చక్కెరకు ఫ్లోరిన్ 18ను తగిలించి మానవదేహమునకు తొలిసారి 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఇచ్చిరి. దేహమంతటిలో ఎచ్చట చక్కెర అమితముగా ఖర్చగుచున్నదో అచ్చట చిత్రము మెరయును. మందు పని చేసినదా లేదా అనునది గడ్డ కరుగకముందే తెలియును. కాని దాని అర్ధాయువు 110 నిమిషములు. ఉదయము హైదరాబాదున సైక్లోట్రాన్‌నుండి వెలువడి, దారిలో నాలుగు గంటలు గడపి మన ప్రాంతము చేరునప్పటికి, నాల్గింట ఒక వంతైనను మిగులదు. హనుమంతుడు సంజీవని పర్వతమును కొనిపోవుచుండగా విరిగిపడిన శకలమే మన ముత్యంపేట కొండగట్టని స్థలపురాణము. ఆ కథలో సూర్యుడుదయించులోగా మందు చేరవలెను. ఆంజనేయుని వేగము మన బస్సులకు లేదు. అందుచేత పెట్ స్కానునకై రోగియే నగరమునకు పోవలసియున్నది. టెక్నీషియము సంగతి వేరు. దానిని గూర్చి పిమ్మట చెప్పెదను.

గడచిన ఇరువది ఏండ్లలో చికిత్సాభాగము మరింత విస్తరించినది. లుటీషియం 177 అను పదార్థమును, క్యాన్సరు కణముపై నుండు గ్రాహకమును మాత్రమే పట్టుకొను అణువునకు కట్టి పంపుచున్నారు. కొన్ని నాడీగ్రంథి కణుతులకును, పౌరుషగ్రంథి క్యాన్సరు ముదిరినవారికిని ఇది ఊరట నిచ్చుచున్నది. ముందుగా అదే అణువునకు చిత్రణకు తగిన మూలకమును కట్టి, గడ్డ దానిని గ్రహించుచున్నదా లేదా చూచి, గ్రహించినచోనే చికిత్స నిత్తురు. కనబడినదానికే మందు. వైద్యచరిత్రలో ఇంతటి నిష్కర్ష అరుదు.

ఇంతవరకు శాస్త్రము. ఇక నన్ను బాధించుచున్న విషయము. అయోడిను త్రాగి యింటికి వచ్చిన స్త్రీని నెలల తరబడి వేరు పళ్లెములో తినుమనుట, బీడీలు చుట్టు చోట తోటివారు ఎడముగా జరుగుట, కన్నబిడ్డను సంవత్సరము దాటినను దగ్గరకు రానీయకపోవుట నేను చూచితిని. అదే ఇండ్లలో, ఆసుపత్రినుండి వచ్చిన మొదటి రాత్రియే, బిడ్డ యేడ్చుచున్నదని ఆ తల్లి ప్రక్కనే పరుండబెట్టుటయు చూచితిని. జాగ్రత్త యుండవలసిన దినములలో ఉపేక్ష, అక్కరలేని దినములలో భయము! గ్రంథి గ్రహింపని అయోడినులో అధికభాగము మొదటి రెండు మూడు దినములలోనే మూత్రముతో వెలికి పోవును. కావుననే నీరు మెండుగా త్రాగుమనియు, మరుగుదొడ్డిలో నీళ్లు రెట్టింపుగా పోయుమనియు, వేరుగా పరుండుమనియు, పసిపిల్లలను, గర్భిణీ స్త్రీలను దూరముంచుమనియు వైద్యులు చెప్పుదురు. ఎన్ని దినములో మోతాదును బట్టి వైద్యుడు కాగితముపై వ్రాసి యిచ్చును. ఆ కాగితము అక్షరాల పాటింపవలసినది. గర్భిణికి ఈ చికిత్స కూడదు. పాలిచ్చు తల్లి చికిత్సకు చాలముందే పాలు మాన్పింపవలెను, ఆ బిడ్డకు మరల ఇయ్యరాదు. కాని వ్రాసిన గడువు తీరిన పిమ్మట ఆమె పళ్లెము పళ్లెమే, ఆమె పడక పడకయే. 80 దినములు గడచునప్పటికి అయోడిన్ 131 వేయింట ఒక వంతునకు తరుగును. ఇది అంటువ్యాధి కాదు, మైల కాదు. యంత్రముతో కిరణచికిత్స పొందినవారి దేహమునందైతే చికిత్స గదినుండి వెలువడిన క్షణమున ఏమియు మిగులదు. ఎముకల స్కానుతో దేహమునకు తగులు వికిరణము, భూమినుండియు ఆకాశమునుండియు మనందరికి సహజముగా సుమారు రెండేండ్లలో తగులు వికిరణమంత. ఈ లెక్కలు ఆశా కార్యకర్తలకును, పాఠశాల ఉపాధ్యాయులకును తెలియవలెనని నా ప్రార్థన. వారు చెప్పిన మాటను ఇంటి పెద్దలు వినినంతగా నగరపు వైద్యుని మాటను వినరు.

టెక్నీషియము సంగతికి వత్తును. 2016లో జగిత్యాల జిల్లా యైనది. 2022లో అచట ప్రభుత్వ వైద్యకళాశాల, 2023లో సిరిసిల్లలో మరియొకటి ఆరంభమైనవి. వైద్యకళాశాల యుండి అణువైద్యము లేకుండుట సగము పాఠశాల వంటిది. మాలిబ్డినపు పెట్టె వారమునకొక్కసారి వచ్చినచో చాలును. వారమంతయు గామా కెమెరా నడచును. గుండెపోటు వచ్చినవానికి కండరము చచ్చినదో, రక్తము చాలక సొమ్మసిల్లి యున్నదో చెప్పవచ్చును. నడుము నొప్పియని ఏడాదిగా మందుబిళ్లలు మ్రింగుచున్న వృద్ధుని వెన్నెముకలో ఏమున్నదో చూపవచ్చును. థైరాయిడ్ గడ్డలలో ఏది పనిచేయుచున్నదో, ఏది మిన్నకున్నదో వేరుచేయవచ్చును. వ్యర్థములను గూర్చి భయపడువారున్నారు. టెక్నీషియము తగిలిన సూదులను, దూదిని తాళము వేసిన గదిలో రెండున్నర దినములుంచినచో, వానియందలి రేడియోధార్మికత వేయింట ఒక వంతునకు పడిపోవును. పిమ్మట వానిని కొలిచిచూచి, ఆసుపత్రి వ్యర్థములతో పాటు తొలగింతురు.

కావలసినవి ఇవి: సీసపు రక్షణగల గది, కెమెరా, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, శిక్షణ పొందిన వైద్యుడు, భౌతికశాస్త్రజ్ఞుడు, సాంకేతిక నిపుణుడు. గదికిని కెమెరాకును ప్రభుత్వము డబ్బు ఇయ్యవలెను. మనుష్యులను మాత్రము ఈ సభలో కూర్చున్న విద్యార్థులనుండియే తయారు చేసికొనవలెను, ఏలయన నగరమునుండి వచ్చినవారు నిలుచుట కష్టము. అవి సమకూడిన దినమున, పుట్టుకతోనే మూత్రపిండము ఉబ్బిన కోరుట్ల పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని తెల్లవారకముందే హైదరాబాదు బస్సెక్కు తల్లికి, ఆ పరీక్ష జగిత్యాలలోనే ఒక పూటలో ముగియును.